కోరంగి: బర్మా తెలుగువారికి పడిన పేరు

బ్రిటిష్ ఏలుబడిలోని బర్మాలో తెలుగు కూలీలను కోరంగులు అనేవారు. కాకినాడకు దక్షిణాన, గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న పాత రేవు కోరంగి. పెద్ద ఓడలకు మరమ్మతులు చేసే రేవుగా అది పేరు మోసింది. 1789, 1839 తుపానులు దాన్ని దెబ్బతీశాయి. మేట వేసి రేవు పూడిపోయాక ప్రయాణాలు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం నుంచి సాగాయి. పేరు మాత్రం మారలేదు. కోరంగిని కంటితో చూడని గంజాం, విశాఖ జిల్లాల మనిషి కూడా రంగూన్‌లో దిగగానే కోరంగే. ఊరి పేరు 'కళింగ'కు మారు రూపం కావచ్చని 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఊహించింది. మలయాలో దక్షిణ భారతీయులను పిలిచిన 'క్లింగ్' కూడా కళింగ నుంచి వచ్చిందే.

మన ఉత్తరాంధ్ర జనం రంగూన్‌ను 'రంగం' అన్నారు. కూలీలను కూడగట్టే మేస్త్రీ ఇచ్చిన బయానా పుచ్చుకుని రంగం వెళ్లినవాళ్లు రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు; రంగూన్ నగరంలో సగానికి మించి వాళ్లే. అంత చాకిరీ చేసినవారికి ఆ పేరు గౌరవం తేలేదు. కోరంగి అంటే అడ్డమైన పనీ చేసే చౌక కూలీ అనే అర్థం స్థిరపడింది. అందుకే చరిత్ర చెప్పేటప్పుడు తప్ప ఈ మాటను మనుషులకు వాడకూడదు.

1930 మేలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. సమ్మె ముగిసి పాతవాళ్లు తిరిగి రాగానే కొత్తవాళ్లను పొమ్మన్నారు. మే 26న మొదలైన కొట్లాట ఊరంతా పాకి, వందమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది తెలుగువాళ్లే. రెండు పేద జనాల మధ్య ఆ చిచ్చు పెట్టింది యజమానుల లెక్కలే.

1941 డిసెంబరు 23న జపాన్ రంగూన్‌పై బాంబులు వేసింది. లక్షలమంది భారతీయులు బర్మా విడిచారు. అరకాన్, మణిపూర్ దారుల్లో నడిచి వస్తూ ఆకలికి, జ్వరాలకు వేలమంది రాలిపోయారు. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చి వ్యాపారాలను జాతీయం చేశాక మరో వలస మొదలైంది. ఈసారి వచ్చినవారిని ఇక్కడ 'బర్మా కాందిశీకులు' అన్నారు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు వాళ్లు స్థిరపడిన చోటే.