మత్తుమందు బయటపెట్టిన వంశచరిత్ర

పామూరు, 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడువరకు, నెల్లూరు మండలమునకే చెందియుండెను. కావున ఆ ప్రాంతపు ప్రాచీనచరిత్ర నెరుగగోరువారు ముందుగా తెరచునవి, బటర్‌వర్తు దొరయు వేణుగోపాలశెట్టిగారును సేకరించి 1905లో ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనసంపుటములు. దానమిచ్చిన ప్రభువు పేరును, పొలిమేరల వరుసయు, దాన మపహరించువానికి కలుగు పాపమును శాసనములు విపులముగ చెప్పును గాని, పామూరు వంటి ఊళ్ల అంగళ్లలో తరతరములుగ త్రాసు పట్టిన వైశ్యకుటుంబములు ఏనాడు ఒక కట్టుగ నేర్పడినవో ఆ రాళ్లు చెప్పవు. మధ్యయుగపు శాసనములలో వర్తకులకు పెనుగొండ ప్రభువులను బిరుదము కలదు; వాసవీకన్యకతో నూటరెండు గోత్రములవారు అగ్నిప్రవేశము చేసిరను కథయు కలదు. ఒకటి బిరుదము, రెండవది విశ్వాసము. కాలనిర్ణయమునకు రెండును చాలవు.

చరిత్రకారునికి దొరకని ఈ ఆధారము విచిత్రముగ శస్త్రచికిత్సాగారమున దొరకినది. 1951 ప్రాంతమున వాడుకలోనికి వచ్చిన సక్సినిల్‌కోలిన్ అను మందును నరములోనికెక్కించిన నిమిషములోపల రోగి కండరములు సన్నగ అదరి, పిమ్మట పూర్తిగ సడలిపోవును. అప్పుడు మత్తువైద్యుడు శ్వాసనాళమున గొట్టము దింపును. రక్తములోని బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అను ఎంజైము ఆ మందును విరుగగొట్టగా కొలది నిమిషములలోనే ఊపిరి తిరిగివచ్చును. ఆ ఎంజైము లేనివానికో, గంటలు గడచినను రొమ్ము కదలదు. యంత్రముతో ఊపిరి ఊదుచుండవలసినదే. ఈ లోపము ఇతరులకంటె వైశ్యులలో దాదాపు నూరురెట్లు అధికముగ నున్నదని పరిశోధకులు లెక్కకట్టిరి. కోయంబత్తూరు వైశ్యులను పరీక్షించినవారు, ఆ ఎంజైములో 307వ స్థానమున ల్యూసీనుకు బదులు ప్రోలీను చేరియుండుటను కనుగొనిరి. ఆ మందు సోకనంతవరకు వీరు అందరివలెనే ఆరోగ్యవంతులు. ఒకే మూలమునుండి వ్రాసికొన్న తాటాకుప్రతులన్నిటను ఒకే లేఖకదోషము కనబడునట్లు, ఇన్ని కుటుంబములలో ఒకే మార్పు కనబడుటచే మూలపురుషులు కొద్దిమందియే యని ఊహింపవలసివచ్చెను.

ఆ ఊహకు బలము హైదరాబాదులోని సీసీఎంబీ యను జీవశాస్త్ర పరిశోధనసంస్థనుండి లభించెను. తంగరాజుగారును, లాల్జీసింగుగారును, అమెరికాలోని డేవిడ్ రైకు మొదలగువారును కలసి, 25 సముదాయములకు చెందిన 132 మంది జన్యుక్రమములను ఐదున్నర లక్షలకు పైబడిన స్థానములలో సరిపోల్చి, 2009లో ప్రకటించిన వ్యాసములో వైశ్యుల మూలకుటుంబములు రెండు మూడు వేల యేండ్లకు పూర్వమువని, నాటినుండి బయటి రక్తము వారిలో కలసినది అత్యల్పమని తేల్చిరి. 2017నాటికి ఈ పోలిక రెండువందల అరువదికి మించిన సముదాయములకు వ్యాపించెను. వానిలో 81 సముదాయములకు ఫిన్లండువారికంటెను, అష్కెనాజీ యూదులకంటెను బలమైన మూలపురుషప్రభావము గలదట!

ఇట్టి వంశలోపములకు మేనరికమునే దోషిగ నిలుపుట తొందరపాటని నా యభిప్రాయము. గోత్రనియమము తండ్రివరుసను మాత్రమే కాచును, మేనరికము తల్లివరుసను దగ్గరచేయును, నిజమే. కాని రెండింటిని తప్పించి, దూరపు ఊరినుండి ఎరుగని సంబంధము తెచ్చుకొన్నను, కులములోనిదే యైనచో, వధూవరుల జన్యుక్రమములలో వేలయేండ్లనాటి ఉమ్మడిభాగములు ఉండనే యుండును. యూదులు 1983లో న్యూయార్కున దోర్ యెషోరీమ్ అను సంస్థను స్థాపించి, సంబంధము నిశ్చయించుటకు ముందే రక్తపరీక్షఫలములను సరిచూచుకొను పద్ధతి తెచ్చిరి. జాతకములు సరిచూచుటకు అలవాటుపడిన మనవారికి ఇది పెనుభారము కాబోదు.

అట్టి పద్ధతి మనలో వచ్చువరకు చేయదగిన పని చిన్నది. శస్త్రచికిత్సకు పోవు వైశ్యసోదరులు తమ కులమును, ఇంటిలో పూర్వమెవరికైన మత్తు ఆలస్యముగ దిగిన సంగతిని మత్తువైద్యునికి ముందుగనే తెలిపి, రక్తములో కోలినెస్టరేజ్ పరీక్ష చేయించుకొని, అది తక్కువైనచో సక్సినిల్‌కోలిన్‌నకు బదులుగ రోకురోనియము వంటి వేరొక మందు వాడుడని కోరవలెను.