బొంబాయి చట్టసభలో అంబేద్కర్: ఓడిపోయిన బిల్లుల చరిత్ర

అంబేద్కర్ పేరు చెప్పగానే మనవాళ్లకు రాజ్యాంగం గుర్తొస్తుంది. మాలపల్లె మొగదలా, మాదిగగూడెం మొగదలా నిలబెట్టుకున్న విగ్రహాల చేతుల్లోనూ ఆ పుస్తకమే ఉంటుంది. అది సరే. కానీ రాజ్యాంగ సభకు వెళ్లకముందు ఆయన 15 ఏళ్లు బొంబాయి రాష్ట్ర చట్టసభ సభ్యుడు. ఇవాళ్టి లెక్కలో మొదట పదేళ్లు ఎమ్మెల్సీ, ఆ తర్వాత ఐదేళ్లు ఎమ్మెల్యే. ఆ కాలంలో తానుగా తెచ్చిన ప్రధానమైన బిల్లు ఒక్కటీ చట్టం కాలేదు. అందుకేనేమో ఈ భాగాన్ని మనం తొందరగా దాటేస్తుంటాం. ఇవాళ ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఎస్సీలకు 29 సీట్లు, తెలంగాణలో 19 సీట్లు ఉన్నాయి. ఇంతమంది అక్కడ కూచుని ఏం చేయగలరు, ఎందుకు చేయలేకపోతున్నారు అని అడిగేవాళ్లు మొదట చూడాల్సింది ఆయన ఓడిపోయిన బిల్లులనే అని నా అభిప్రాయం.

1919 సంస్కరణల కింద ఏర్పడ్డ శాసన మండలికి ఎన్నికలున్నాయి గానీ, ఓటు మాత్రం ఆస్తి ఉన్నవాడిదే. అంటరానివాళ్లలో ఓటున్నవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి వాళ్ల తరఫున గవర్నరే మనుషుల్ని నామినేట్ చేసేవాడు. అలా అంబేద్కర్, డాక్టర్ పి.జి. సోలంకీ మండలిలోకి వెళ్లారు. 1927 ఫిబ్రవరి 18న అంబేద్కర్ ప్రమాణం చేశాడు. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. ప్రభుత్వం కూచోబెట్టిన మనిషి కదా, ప్రభుత్వానికి తలూపుతాడని ఎవరైనా అనుకుని ఉంటే ఆ నెలలోనే వాళ్ల భ్రమ తీరిపోయింది. బడ్జెట్ మీద మాట్లాడుతూ భూమిశిస్తు పద్ధతినే పట్టుకున్నాడు. ఆదాయపు పన్నుకు ఒక హద్దుంది, దాని కింద సంపాదించేవాడు పన్ను కట్టక్కర్లేదు. మరి అరెకరం రైతు పంట పండినా ఎండినా శిస్తు ఎందుకు కట్టాలి అన్నది ఆయన ప్రశ్న. తర్వాత నెలలో చదువు పద్దు వచ్చింది. బడిలో చేరిన నూరుమంది పిల్లల్లో నాలుగో తరగతికి చేరేది 18 మందే, మిగతా 82 మంది మళ్లీ నిరక్షరాస్యుల్లో కలిసిపోతున్నారని లెక్క తీశాడు. తలకు 14 అణాలు చదువు మీద ఖర్చుపెడుతూ, సారా మీద తలకు 2 రూపాయల పైచిలుకు గుంజుతున్నారని సర్కారు పుస్తకాల్లోంచే చూపించాడు. కనీసం తాగుడు మీద వచ్చేదంతైనా చదువు మీద పెట్టమన్నాడు. ఈ వాదన మన రెండు రాష్ట్రాల బడ్జెట్ల ముందు ఇవాళ పెట్టినా పాతబడినట్టు అనిపించదు.

మండలిలో కాగితం ఎంతవరకు పనిచేస్తుందో ఆయనకు అప్పటికే తెలుసు. ఆయన సభ్యుడు కావడానికి మూడున్నరేళ్ల ముందు, 1923 ఆగస్టులో, ఎస్.కె. బోలే అనే బ్రాహ్మణేతర సంస్కర్త పెట్టిన తీర్మానం అదే మండలిలో నెగ్గింది. ప్రజల సొమ్ముతో కట్టిన బావులు, చెరువులు, ధర్మశాలలు, బడులు, కచేరీలు, ఆసుపత్రులు అంటరానివాళ్లకూ తెరవాలని దాని సారం. సర్కారు ఉత్తర్వూ వచ్చింది. మహాడ్ పురపాలక సంఘం తన చవదార్ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు తీర్మానించింది కూడా. అయితే 1927 దాకా మహార్లు ఒక్క గుక్క నీళ్లు తాగలేదు. తాగనిచ్చేదెవరు? మండలిలో ప్రమాణం చేసిన నెల రోజులకే, 1927 మార్చి 20న, అంబేద్కర్ వేలమందితో నడిచివెళ్లి ఆ చెరువు నీళ్లు తాగాడు. వెంటనే సవర్ణులు కర్రలతో మీద పడ్డారు. చెరువును గోమూత్రం, పేడ పోసి శుద్ధి చేసుకున్నారు. ఆగస్టులో పురపాలక సంఘం తన పాత తీర్మానాన్నే రద్దు చేసుకుంది. ఆ గొడవ కోర్టుకెక్కి, 1937లో గానీ హైకోర్టులో తేలలేదు. తీర్పు అంటరానివాళ్ల పక్షానే వచ్చింది. తీర్మానానికీ తీర్పుకీ మధ్య 14 ఏళ్లు.

ఇక మహార్ వతన్ బిల్లు. ఇది కాస్త నింపాదిగా చెప్పుకోవాలి. ఎందుకంటే మన ప్రాంతంలో వెట్టివాడు, తలారి, నీరటి, బేగారి అంటే ఏమిటో ఎరిగినవాళ్లకు దీని సంగతి కొత్తగా అనిపించదు. మహారాష్ట్ర గ్రామాల్లో మహార్లు వంశపారంపర్యంగా ఊరి చాకిరీ చేయాలి. అధికారి వస్తే మూటలు మోయాలి, కబురు పట్టుకుపోవాలి, శిస్తు కట్టమని రైతుల్ని చావడికి పిలుచుకురావాలి, వసూలైన సొమ్ము ఖజానాకు చేర్చాలి, సరిహద్దు తగాదాల్లో సాక్ష్యం చెప్పాలి. దీనికి బదులు కొద్దిపాటి ఇనాం భూమి, పంట నూర్పిళ్లప్పుడు రైతులు పెట్టే బలూతా గింజలు, పేరుకు కాస్త నగదు. ఈ కట్టుబాటుకు 1874 నాటి వంశపారంపర్య ఉద్యోగాల చట్టం కాపలా. పని గంటలంటూ లేవు, 24 గంటలూ పిలుపు అందుకోవాల్సిందే. మహార్ ఇంట్లో లేకపోతే అతని బదులు ఇంట్లోవాళ్లను లాక్కుపోవచ్చు. గింజలు పెట్టేది రైతు, పని చెప్పేది సర్కారు. రైతుకు కోపం వస్తే గింజలు ఆగిపోతాయి. మహార్లు చచ్చిన గొడ్డును మోయమన్నా, మంచి బట్ట కట్టినా, చెరువు దగ్గరికి వెళ్లినా రైతుకు కోపం వస్తుంది. అంటే బలూతా అనేది కూలి రూపంలో ఉన్న బెదిరింపు.

1928 మార్చిలో అంబేద్కర్ ఈ చట్టానికి సవరణ బిల్లు తెచ్చాడు. అందులో అడిగింది విప్లవమేమీ కాదు. చాకిరీ వద్దనుకున్న మహార్ పూర్తి శిస్తు కట్టి తన భూమి తాను ఉంచుకోవచ్చు. చేస్తానన్నవాడికి గింజలకు బదులు డబ్బు ఇవ్వాలి. ఆ డబ్బును శిస్తుతో పాటు సర్కారే వసూలు చేసి చేతికివ్వాలి. చేయాల్సిన పనులేమిటో రాతలో ఉండాలి. ఇంతే. ఆగస్టులో చర్చ నడిచింది. ఈ బిల్లు పోతే తాను మహార్లందరి చేతా సమ్మె కట్టించే పనిలోకి దిగుతానన్నంత దూరం వెళ్లాడు. బిల్లు సెలెక్ట్ కమిటీకి వెళ్లింది. అక్కడ దాని ఎముకలు తీసేశారు. ఆ రూపంలో అది ఎవరికీ పనికిరాదని 1929 జులైలో ఆయనే వెనక్కి తీసుకున్నాడు. రైతు కులాల ప్రతినిధులు మహార్లకు డబ్బు కట్టడానికి ఇష్టపడలేదు, సర్కారు ఖర్చుకు భయపడింది. బ్రాహ్మణాధిపత్యాన్ని ఎదిరించిన బ్రాహ్మణేతరులు ఉన్న సభ అది. అలాంటిచోట కూడా ఊరి చాకిరీ దగ్గరికొచ్చేసరికి అంబేద్కర్ దాదాపు ఒంటరివాడయ్యాడు. కింది కులాల ఐక్యత గురించి రాసేవాళ్లు ఈ చర్చను తప్పకుండా చదవాలి.

అదే 1928లో ఫ్యాక్టరీ స్త్రీలకు ప్రసూతి భత్యం ఇచ్చే బిల్లును ఆయన గట్టిగా సమర్థించాడు. అది వేరే సభ్యుడి బిల్లు, 1929లో చట్టమైంది. దేశంలో అలాంటి చట్టాల్లో మొదటిది. 1932లో గ్రామ పంచాయతీల బిల్లు వచ్చినప్పుడు ఎదురుతిరిగాడు. ఊరంటే ఒక కుటుంబమన్నట్టు మిగతావాళ్లు మాట్లాడుతుంటే, అంటరానివాళ్లకు ప్రత్యేక స్థానాలు లేని పంచాయతీకి న్యాయం చెప్పే అధికారమివ్వడం ఎంత ప్రమాదమో చెప్పాడు. కారంచేడు, చుండూరు చూసిన మనకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఇంకొక సంగతి. సైమన్ కమిషన్ ముందు ఆయన వయోజనులందరికీ ఓటు కావాలన్నాడు, నామినేషన్ పద్ధతి పోవాలన్నాడు. తాను కూచున్న కుర్చీ ఆ పద్ధతిలో వచ్చిందే.

1932 సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం జరిగింది. గాంధీ నిరాహార దీక్ష ఒత్తిడి కింద ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, ఉమ్మడి ఓటర్ల మధ్య రిజర్వుడు సీట్లు వచ్చాయి. బొంబాయి వాటా 15. సీట్ల సంఖ్య పెరిగింది గానీ, ఆ సీటులో ఎవరు గెలవాలో తేల్చేది సవర్ణుల ఓట్లయ్యాయి. మనకు ఈ రోజుకీ ఉన్న చిక్కు అక్కడ మొదలైంది. దానికి జవాబుగా అంబేద్కర్ 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టాడు. పేరులో కులం లేదు, కూలీ ఉన్నాడు. 1937 ఎన్నికల్లో 17 మందిని నిలబెడితే అత్యధికులు గెలిచారు. బొంబాయి నగరంలో ఆయన మీద కాంగ్రెస్ నిలబెట్టిందెవరినో చూడండి: పాల్వంకర్ బాలూ, చమార్ కులంలో పుట్టిన గొప్ప క్రికెట్ బౌలర్, అంటరానివాళ్లు ఒకప్పుడు గర్వంగా చెప్పుకున్న మనిషి. సుమారు రెండు వేల ఓట్ల తేడాతో అంబేద్కర్ గెలిచాడు. మన మనిషి మీదికి మన మనిషినే పంపే ఎత్తుగడ అప్పటికే బాగా తెలిసిన పనన్నమాట.

175 మంది సభలో బి.జి. ఖేర్ నాయకత్వాన కాంగ్రెస్ మంత్రివర్గం. 1937 సెప్టెంబర్‌లో అంబేద్కర్ ఖోతీ రద్దు బిల్లు పెట్టాడు. కొంకణ్ తీరంలో, ముఖ్యంగా రత్నగిరి జిల్లాలో, సర్కారుకూ సాగుదారుకూ మధ్య ఖోత్ అనేవాడు కూచుని శిస్తు వసూలు చేసేవాడు. కట్టేది కొంత, గుంజేది ఎంతో. అంబేద్కర్ పూర్వీకుల ఊరు అంబడవే ఆ జిల్లాలోదే. ఖోతులకు పరిహారమిచ్చి, భూమి మీద హక్కు దున్నేవాడికి ఇవ్వాలని బిల్లు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. దున్నేవాళ్లలో మహార్లున్నా, కుణబీ రైతులే ఎక్కువ. వతన్ విషయంలో ఏ రైతులతో తగువు పడాల్సివచ్చిందో, అలాంటి రైతుల కోసమే ఈ బిల్లు. 1938 జనవరి 10న జిల్లాల నుంచి వచ్చిన దాదాపు 20 వేలమంది రైతులు బొంబాయి వీధుల్లో నడిచి కౌన్సిల్ హాలుకు వెళ్లారు. శ్యామ్‌రావ్ పరులేకర్, ఇందులాల్ యాజ్ఞిక్ లాంటివాళ్లు వెంట ఉన్నారు. ముఖ్యమంత్రి ఖేర్ వాళ్ల మాట విన్నాడు. బిల్లు మాత్రం చర్చకే రాలేదు. రైతు పక్షమని చెప్పుకునే పార్టీకి సభలో కావలసినంత బలముండి కూడా!

అదే జనవరిలో స్థానిక బోర్డుల సవరణ బిల్లులో ‘హరిజన’ అన్న మాట వచ్చింది. మా పేరు మీరు పెట్టేదేమిటని అంబేద్కర్, భావురావ్ గైక్వాడ్ నిలదీశారు. మేము దేవుడి బిడ్డలమైతే మీరు ఎవరి బిడ్డలు అన్న ధోరణిలో గైక్వాడ్ వేసిన ఎత్తిపొడుపు చాలాకాలం చెప్పుకున్నారు. ఓటింగులో ఓడిపోయి పార్టీ సభ్యులంతా బయటికి నడిచారు. ఆ సంవత్సరమే పారిశ్రామిక వివాదాల బిల్లు వచ్చింది. సమ్మెను నేరం చేసే క్లాజులున్నాయి దాంట్లో. సమ్మె హక్కంటే స్వేచ్ఛ హక్కే, ఇష్టంలేని పని చేయించడం బానిసత్వమే అని సభలో వాదించాడు. వాదించి ఊరుకోలేదు. నవంబర్ 7న కమ్యూనిస్టులతో కలిసి ఒక్కరోజు సమ్మె చేయించాడు. మిల్లుల్లో నేత ఖాతాల్లోకి అంటరాని కూలీలను రానివ్వని సంగతి మీద కమ్యూనిస్టులతో ఆయనకు ఎంత పేచీ ఉందో తెలిసినవాళ్లకు ఆ రోజు విలువ తెలుస్తుంది. బిల్లు నెగ్గింది, చట్టమైంది.

1939 అక్టోబర్‌లో యుద్ధం మీద చర్చ జరిగింది. దేశమా నేనా అంటే దేశం ముందు, దేశమా అంటరానివాళ్లా అంటే అంటరానివాళ్లే ముందు అని అర్థం వచ్చేట్టు అక్కడ తన స్థానం తేల్చి చెప్పాడు. ఆ వెంటనే కాంగ్రెస్ మంత్రివర్గం రాజీనామా చేసింది, పాలన గవర్నర్ చేతికి పోయింది. అంటే ఎన్నికైన సభ్యుడిగా ఆయనకు సభ దొరికింది రెండేళ్ల పైచిలుకే. 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖకు వెళ్లాడు. 1946 ఎన్నికల్లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ చిత్తుగా ఓడింది. ఆయన్ను రాజ్యాంగ సభకు బొంబాయి పంపలేదు. తూర్పున బెంగాల్ శాసనసభలో జోగేంద్రనాథ్ మండల్, మరికొందరు అంటరాని కులాల సభ్యులు ఓట్లు కూడగట్టి పంపారు. ఆ కొద్ది ఓట్లు లేకపోతే రాజ్యాంగ చరిత్ర వేరుగా ఉండేది. దేశ విభజనతో ఆ సీటు పోయాకే, 1947 జులైలో, బొంబాయి కాంగ్రెస్ ఆయన్ను ఎన్నుకుంది.

ఖోతీ 1949 చట్టంతో రద్దయింది. మహార్ వతన్ ఇంకా ఆలస్యం. దాని కోసం 1939 డిసెంబర్‌లో కూడా అంబేద్కర్ హరేగావ్‌లో మహార్లను, మాంగులను కూడగట్టి సభ పెట్టాడు. వతన్‌ను రద్దు చేసిన చట్టం 1958 నాటిది, ఆయన పోయిన రెండేళ్లకు. మొదటి బిల్లు పెట్టిన 30 ఏళ్లకు. ఆ చట్టం ప్రకారం వతన్ భూములన్నీ ముందు సర్కారు స్వాధీనమవుతాయి. తాతల నాటి నుంచి చాకిరీ చేసి దున్నుకుంటున్న ఆ నేలనే మహార్లు ధర కట్టి తిరిగి తీసుకోవాలి. తీసుకున్నాక కూడా కలెక్టరు అనుమతి లేకుండా అమ్ముకోకూడదు.