బొంత దగ్గర ఆగిపోయిన కుట్టుమిషను

నాలుగైదు పాత నూలు చీరలు, బాగా నలిగిన పంచె, పొడవాటి సూది, దారపుండ. కృష్ణా జిల్లా పల్లెల్లో బొంత కుట్టడానికి ఇంతకుమించి ఏమీ అక్కర్లేదు. ఉతికి ఆరేసిన చీరలను నేల మీద పొరలుగా పరిచి, ముడతలు సాపు చేసి, ఆడవాళ్లు తలో వైపు కూర్చుని వరసలు వరసలుగా పొడుగు కుట్లు వేసుకుంటూ పోతారు. పసిపిల్లల కింద వేసే చిన్న బొంతకు మరీ మెత్తబడిన చీరలే ఏరుతారు. బెంగాల్ కాంథా, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు కుట్టే కవంది దీనికి దగ్గరి చుట్టాలు.

ఇంత పాత పని ఇవాళ క్విల్టింగ్ పేరుతో క్లాసుల్లోకి వచ్చింది. నేర్చుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది మిషను గురించే. బస్సులో చేత్తో పట్టుకెళ్లేంత తేలిగ్గా ఉండాలి, మూడు నాలుగు పొరలు ఆగకుండా కుట్టాలి. ఈ రెండు కోరికలకూ ఎప్పుడూ పొత్తు కుదరలేదు. ఎందుకు కుదరలేదో తెలియాలంటే మిషను మన ఊళ్లకు వచ్చిన దారిలో కాసేపు నడవాలి.

1846లో ఎలియాస్ హోవే, 1851లో ఐజాక్ సింగర్ అమెరికాలో కుట్టుమిషన్లకు పేటెంట్లు తీసుకున్నారు. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఇండియా, బర్మా, సిలోన్‌లలో సింగర్ కంపెనీ వ్యాపారాన్ని పెంచినవాడు నసర్వాన్‌జీ మెర్వాన్‌జీ పటేల్ అనే పారశీకుడు. ఆయన ముందున్న చిక్కు చిన్నది కాదు. చీరకూ పంచెకూ కుట్టే అక్కర్లేని దేశంలో కుట్టుమిషను ఎవరు కొంటారు? ముందుగా కొన్నది బజారు దర్జీలు. చొక్కా, కోటు, రవిక వాడుక పెరిగేకొద్దీ వాళ్ల పనీ పెరిగింది. మొత్తం డబ్బు ఒకేసారి కట్టనక్కర్లేకుండా సింగర్ పెట్టిన వాయిదాల పద్ధతి వాళ్లకు అండ అయింది. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన, 1899లో మద్రాసు లైను వచ్చాయి. పోత ఇనుప మిషనులాంటి బరువు సరుకుకు బెజవాడ దూరాభారం కాకుండా పోయింది.

అప్పట్లో పల్లె దర్జీకి పనికొచ్చింది చేతి మిషను. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో బట్ట నడపాలి. చెక్క పీట, పైన చెక్క మూత, దానికొక పిడి. బరువు పన్నెండు పదమూడు కిలోలకు తగ్గదు. అయినా అది ప్రయాణం చేసింది. పెళ్లివారింటికి దర్జీ మిషనుతో సహా వచ్చి, అరుగు మీద కూర్చుని ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టి వెళ్లేవాడు. కరెంటు లేని ఊళ్లో మిషను కదలడానికి ఒక మనిషి చెయ్యి చాలు. తేలికతనం అన్న మాట ఎత్తకుండానే ఊళ్లు తిరిగిన మిషను అది. డెల్టా అంచున మెట్ట ప్రాంతంలో ఉన్న మైలవరం లాంటి ఊరికి తగినదీ అదే.

యంత్రాలంటే పడని గాంధీజీ కూడా దీన్ని కాదనలేదు. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం దేశమంతటా 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. ఆ తర్వాత మూడేళ్లకు, 1924లో, జి. రామచంద్రన్ అనే విద్యార్థి యంత్రాల గురించి ప్రశ్నించినప్పుడు గాంధీజీ మినహాయించిన యంత్రం సింగర్ కుట్టుమిషనే. చేత్తో కుట్టీ కుట్టీ అలిసిపోయే భార్య మీద ప్రేమతో సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన నమ్మకం. అందులో నిజమెంతైనా, మనిషి శ్రమ తగ్గించే యంత్రానికీ మనిషినే పక్కకు నెట్టే యంత్రానికీ ఆయన గీసిన గీత మాత్రం స్పష్టమైనది.

1930ల్లో కలకత్తాలో జయ్ ఇంజినీరింగ్ వర్క్స్ ఉషా మిషను మొదలుపెట్టింది. ఉషా అన్నది ఆ సంస్థ అధిపతి లాలా శ్రీరామ్ కూతురి పేరు. లూధియానా కార్ఖానాలూ తోడై స్వదేశీ మిషన్లు అందుబాటులోకి వచ్చాయి. 1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షురాలిగా ఏర్పడ్డ కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి పల్లె స్త్రీలకు చేతిపనులు నేర్పించే పని తలకెత్తుకుంది. క్రమంగా దర్జీ అరుగు మీది మిషను ఇంటి ఇల్లాలి వరండాలోకి మారింది. జాకెట్లు, లంగాలు, చీర ఫాల్స్ మీద వచ్చే డబ్బుతో ఎందరో తల్లులు పిల్లల ఫీజులు కట్టారు.

ఇన్ని కుట్టిన మిషను బొంత దగ్గర మాత్రం ఆగిపోయింది. కారణం ఇనుములోనే ఉంది. సూది కింద బట్టను ముందుకు తోసే పళ్లు అడుగు పొరనే పట్టుకుంటాయి, పై పొర వెనకబడుతుంది. రెండు మూరలు కుట్టేసరికి ఒక అంచు పొడుగై, ఇంకో అంచు ముడతలు పడుతుంది. పైగా సూదికీ కుడివైపు స్తంభానికీ మధ్య ఉండే కొద్దిపాటి జాగాలో ఒక మంచానికి సరిపడే బొంతను చుట్టచుట్టి దూర్చాలి. నేల మీద పరుచుకున్న బొంతకు ఆ ఇరుకు లేదు. మనిషే దాని చుట్టూ జరుగుతుంది. చేతికుట్టు బతికింది పాతదనే మమకారం ఒక్కదానితోనే కాదు, ఆ పనికి అదే సరైన పనిముట్టు కాబట్టి.

మోసుకెళ్లే మిషన్లలో పేరు మోసింది 1933లో సింగర్ తెచ్చిన 221, ఫెదర్‌వెయిట్. అల్యూమినియం ఒళ్లు, మడిచే బల్ల, కరెంటు మోటారు, ఐదు కిలోల బరువు. వేసేది తిన్నని కుట్టు ఒక్కటే, అదీ ఎంతో నాణ్యంగా. తయారీ ఆగి అర్ధశతాబ్దం దాటినా క్విల్టింగ్ చేసేవాళ్లు పాతవి వెతికి కొంటూనే ఉన్నారు. అయితే దాని సూది పక్క జాగా ఆరంగుళాల లోపే. మోసుకెళ్లే సమస్య తీరింది, ఇరుకు అలాగే ఉంది.

ఇప్పుడు మైలవరంలో మిషను కొనే స్త్రీకి దారులు పెరిగాయి. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి, పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి విజయవాడ వెళ్లి నేర్చుకోవడానికి ఛార్జీల బెంగ లేదు. అక్కడి వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్లో నూలు బట్ట, పెడనలో అచ్చు కలంకారీ దొరుకుతాయి. కొనేముందు షాపులోనే నాలుగు మడతల నూలు బట్ట పెట్టి కుట్టి చూడాలి. పద్నాలుగో పదహారో నంబరు సూది దాన్ని ఆగకుండా దాటాలి. పై పొరను కూడా లాగే పాదం ఆ మోడల్‌కు దొరుకుతుందో లేదో అడగాలి. లోపలి చట్రం లోహానిదై ఉండాలి. రకరకాల పూలకుట్లు బొంతకు అక్కరకు రావు. అరచేతిలో ఇమిడే బ్యాటరీ మిషన్ల జోలికి వెళ్లకపోవడమే మంచిది, అవి పొరల బరువుకు నిలవవు.

మిగిలిన ఇరుకు సమస్యకు క్విల్టింగ్ చేసేవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. బొంతంతా ఒకేసారి కుట్టకుండా, జానెడో మూరెడో ఉన్న చదరాలను పొరలతో సహా విడివిడిగా పూర్తిచేస్తారు. చిన్న మిషనుతో క్లాసులోనో ప్రయాణంలో దిగిన చోటో ఒకటి రెండు చదరాలు కుట్టుకోవచ్చు. అన్నీ సిద్ధమయ్యాక వాటిని కలిపే పొడవాటి కుట్లకు ఇంట్లోని పాత ఇనుప మిషనే మెరుగు. దాని బరువు వల్ల బల్ల కదలదు, కుట్టు వంకరపోదు.