పెన్సిలుతో వ్రాసిన అర్జీ

'పేదవాని కోపము పెదవికి చేటు' అని మన సామెత. అన్యాయము జరిగినదని పేదవాడు ఎంత మొరపెట్టుకొన్నను ఆ మొర అతనికే కీడు తెచ్చునుగాని వినువారుండరని దీని తాత్పర్యము. లోకానుభవమునుండి పుట్టిన మాట యిది. అయినను ఈ సామెతకు లొంగని వృత్తాంతము ఒకటి అమెరికా న్యాయస్థానముల చరిత్రలో కలదు. 1962 జనవరిలో ఫ్లోరిడా రాష్ట్రపు చెరసాలనుండి ఒక ఖైదీ పెన్సిలుతో వ్రాసి పంపిన అర్జీ వాషింగ్టన్ నగరమందలి సుప్రీంకోర్టుకు చేరెను. దాని ఫలితముగా ఆ దేశపు రాజ్యాంగ ధర్మమే మారినది. ఆ కథ వినుటకు ముందు, దానికి నూటడెబ్బది యేండ్లకు పూర్వము వెలువడిన ఒక నిబంధనను మనము పరిశీలింపవలసి యున్నది.

1791లో అమెరికా రాజ్యాంగమునకు పది సవరణలు చేర్చబడెను. వీనికే హక్కుల పత్రమని పేరు. నేరారోపణకు గురియైన ప్రతివానికిని తన రక్షణకై న్యాయవాది సహాయము పొందు హక్కు కలదని అందులోని ఆరవ సవరణ చెప్పుచున్నది. మాట చూచుటకు స్పష్టముగనే యున్నది. కాని అందు రెండు చిక్కులు కలవు. ఇంగ్లండులో ఆ కాలమున పెద్ద నేరములు మోపబడినవారి పక్షమున న్యాయవాది పూర్తిగా వాదించుటకు అనుమతి లేకుండెను. అట్టి నిషేధము తమ దేశమున ఉండరాదని అమెరికనులు తలచిరి. కావున, ధనమున్నవాడు న్యాయవాదిని పెట్టుకొన్నచో ఎవరును అడ్డుపడరాదనియే దీని భావమా? లేక ధనము లేనివానికి ప్రభుత్వమే న్యాయవాదిని ఏర్పరుపవలెనని భావమా? ఇది మొదటి చిక్కు. ఇక ఆ దేశమున కేంద్రప్రభుత్వపు కోర్టులు వేరు, రాష్ట్రముల కోర్టులు వేరు. హక్కుల పత్రము మొదట కేంద్రమును మాత్రమే కట్టుబరచెను. దొంగతనము, దోపిడి, హత్య మొదలగు నేరములు చాలవరకు రాష్ట్రముల కోర్టులలోనే విచారింపబడును. అక్కడి ముద్దాయికి ఈ హక్కు కలదా? ఇది రెండవ చిక్కు. 1868లో వచ్చిన పదునాల్గవ సవరణ, తగిన న్యాయవిధానము లేకుండ ఏ రాష్ట్రమును ఎవరి ప్రాణమునుగాని, స్వేచ్ఛనుగాని, ఆస్తినిగాని హరింపరాదని శాసించెను. ఆ 'తగిన న్యాయవిధానము'లో న్యాయవాది యుండునా, ఉండడా అని తేలుటకు దాదాపు నూరేండ్లు పట్టెను.

ఈ ప్రశ్న మొదట ప్రాణములమీదికి వచ్చిన తావు అలబామా రాష్ట్రములోని స్కాట్స్‌బరో. 1931లో రైలుపెట్టెలో ఇద్దరు తెల్లజాతి స్త్రీలను బలాత్కరించిరని తొమ్మిదిమంది నల్లజాతి కుర్రవాండ్రపై నేరము మోపిరి. వారు పరాయి ఊరివారు, బీదలు, చదువురానివారు. కోర్టు బయట జనము కోపముతో మూగియుండెను. ఊరిలోని న్యాయవాదులందరును వారికి సహాయపడుదురని న్యాయాధిపతి చెప్పెనుగాని, అందరి పని ఎవరి పనియు కాకపోయెను. విచారణనాటి ఉదయమువరకు బాధ్యత వహించినవాడు లేడు. కొలది దినములలోనే ఎనమండుగురికి మరణశిక్ష పడెను. 1932 నవంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షలను రద్దుచేసి, ఇట్టి స్థితిలో న్యాయవాది లేని విచారణ విచారణయే కాదని తేల్చెను. అయితే ఆ తీర్పు మరణశిక్షకు తగిన నేరములకును, నిస్సహాయులైన ముద్దాయిలకును మాత్రమే పరిమితమయ్యెను.

1938లో కేంద్రప్రభుత్వపు కోర్టులన్నింటిలోను బీద ముద్దాయికి న్యాయవాది నియ్యవలెనని తీర్పు వచ్చెను. రాష్ట్రముల కోర్టుల సంగతి మాత్రము 1942లో అడ్డము తిరిగెను. మేరీలాండు రాష్ట్రమున బెట్సు అను నిరుద్యోగి దోపిడి నేరమునకు గురియై న్యాయవాదిని అడిగెను; కోర్టు ఈయలేదు. ప్రత్యేక పరిస్థితులున్నచో తప్ప రాష్ట్రములు బీదవారికి న్యాయవాది నియ్యనక్కరలేదని సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపును, ముగ్గురు ఒకవైపునుగా నిర్ణయించెను. ఆ ముగ్గురి పక్షమున అసమ్మతి తీర్పు వ్రాసినవాడు హ్యూగో బ్లాక్. అలబామాలో పుట్టి, బర్మింగ్‌హాములో వకీలుగాను, చిన్న నేరముల కోర్టు న్యాయాధిపతిగాను పనిచేసి, బీదల కేసులు ఎట్లు నడచునో కన్నులార చూచినవాడు. బీదరికము కారణముగా ఒకనికి న్యాయము తగ్గరాదని ఆయన వాదము. అది నాడు నెగ్గలేదు.

ఇరువదియేండ్లు గడచెను. 1961 జూనులో ఫ్లోరిడాలోని పనామా సిటీలో ఒక బిలియర్డ్సు ఆటశాల తలుపు పగులగొట్టి, యంత్రములలోని చిల్లర నాణెములను, కొంత మద్యమును ఎవరో ఎత్తుకొనిపోయిరి. క్లారెన్సు ఎర్ల్ గిడియన్ అనునతనిని పోలీసులు పట్టుకొనిరి. అతనికి అప్పటికి యేబది యేండ్లు దాటినవి. స్థిరమైన పని లేదు. వెనుక జైలుశిక్షలు అనుభవించినవాడు. మరణశిక్షకు తగిన నేరములలో తప్ప న్యాయవాదిని నియమించు అధికారము తనకు లేదని న్యాయాధిపతి విచారముతోనే చెప్పెను. తనకు న్యాయవాది నియ్యవలెనని సుప్రీంకోర్టు చెప్పినదని గిడియన్ పట్టుపట్టెను. నిజమునకు సుప్రీంకోర్టు అట్లు చెప్పి యుండలేదు. దిక్కులేక అతడే సాక్షులను ప్రశ్నించుకొనెను, జ్యూరీకి తన మాట చెప్పుకొనెను. నేరస్థుడని తేలి అయిదేండ్ల శిక్ష పడెను.

జైలులో కూర్చుండి గిడియన్ తానే అర్జీ వ్రాసెను. అక్షరములు అచ్చుబడినట్లు తీర్చి, గీతల కాగితముపై పెన్సిలుతో వ్రాసెను. తాను చదువురానివాడననిగాని, మతి చెడినవాడననిగాని, మరి యే ప్రత్యేక పరిస్థితినిగాని అతడు చెప్పుకొనలేదు. న్యాయవాది లేకుండ తనను విచారించుటయే అన్యాయమని మాత్రము వ్రాసెను. సుప్రీంకోర్టు ఆ అర్జీని విచారణకు స్వీకరించి, అతని తరఫున వాదించుటకు ఏబ్ ఫోర్టాస్ అను ప్రముఖ న్యాయవాదిని నియమించెను. ఇంతలో ఫ్లోరిడా ప్రభుత్వ న్యాయవాది, తమకు బాసటగా నిలువుడని ఇతర రాష్ట్రములకు జాబులు వ్రాసెను. ఫలితము వేరుగా పరిణమించెను. రెండు రాష్ట్రములు మాత్రమే ఫ్లోరిడా పక్షమున నిలిచినవి. మినెసోటా అటార్నీ జనరలు వాల్టర్ మాండేల్ చొరవతో ఇరువదికిపైగా రాష్ట్రములు గిడియన్ పక్షమున చేరినవి. బీదవానికి న్యాయవాది నిచ్చుట తమకును మేలేయని ఆ రాష్ట్రములే చెప్పుకొనుట విశేషము.

1963 జనవరిలో వాదములు జరిగెను. అమెరికాలో పేరుమోసిన వకీలు క్లారెన్సు డారోయే తనపై కేసు వచ్చినపుడు మరియొక వకీలును పెట్టుకొనెనని ఫోర్టాస్ గుర్తుచేసెను. మార్చి 18వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులును ఏకగ్రీవముగా గిడియన్ పక్షమున తీర్పు చెప్పిరి. ఆ తీర్పు వ్రాసినవాడు మరెవరో కాదు, హ్యూగో బ్లాక్. ఇరువదియొక్క యేండ్లక్రితము తన అసమ్మతి తీర్పులో చెప్పిన ధర్మమునే ఆయన ఇప్పుడు కోర్టు తీర్పుగా ప్రకటించెను. నేరమును రుజువు చేయుటకు ప్రభుత్వము ధనము వెచ్చించి వకీళ్లను పెట్టుచున్నది. ధనమున్న ముద్దాయియు మంచి వకీళ్లను వెదకికొనుచున్నాడు. కావున కోర్టులో వకీలు విలాసవస్తువు కాడు, అత్యవసరము అని ఆయన నిర్ణయము.

ఈ హక్కు విలువ ఎంతటిదో గిడియన్ పునర్విచారణయే చాటినది. 1963 ఆగస్టులో ఫ్రెడ్ టర్నర్ అను స్థానిక న్యాయవాది అతని తరఫున నిలిచెను. తనను టాక్సీలో ఎక్కించుకొన్న సంగతి ఎవరికిని చెప్పవద్దని గిడియన్ అడిగినట్లు టాక్సీ నడుపువాడు సాక్ష్యమిచ్చెను. వినువారికి ఇది దొంగ మాటవలెనే తోచును. టర్నర్ ఒక్క ప్రశ్న వేసెను: ఇంతకుముందును అతడు ఇట్లు చెప్పెడివాడా? అవును, ప్రతిసారియు చెప్పెడివాడే, భార్యతో కలహమువలన కాబోలునని సాక్షి ఒప్పుకొనెను. అనుమానము అక్కడనే సడలినది. ఇట్టి ప్రశ్నలు వేయుట అలవాటు లేనివానికి సాధ్యము కాదు. జ్యూరీ సుమారు గంటసేపు ఆలోచించి గిడియన్ నిర్దోషియని చెప్పెను. చట్టము అదే, నేరారోపణ అదే, ఊరు అదే. మారినది న్యాయవాది యుండుట యొక్కటియే.

తీర్పు తరువాత ఫ్లోరిడాలో వందలకొలది ఖైదీలు విడుదలయైరి. 1967లో బాలనేరస్థులకును, 1972లో జైలుశిక్ష పడు చిన్న నేరములకును ఈ హక్కు విస్తరించెను. అయినను కథ సుఖాంతమని మనము చెప్పజాలము. హక్కును ప్రకటించినది కోర్టు. దానికి డబ్బు నియ్యవలసినది శాసనసభలు. ఒక్కొక్క న్యాయవాదికి మోయరాని కేసుల భారము పడి, ముద్దాయితో నిదానముగా మాటలాడుటకైనను తీరిక లేని పరిస్థితి నేటికిని అక్కడ పెక్కుచోట్ల కలదు.

ఈ తీర్పు మన దేశమునకును చేరినది. 1976లో మన రాజ్యాంగమునకు 39ఎ అధికరణము చేర్చబడి, ఉచిత న్యాయసహాయము రాజ్యము యొక్క విధియైనది. 1979లో బీహారు జైళ్లలో విచారణలేక మగ్గుచున్నవారిని గురించిన హుసైనారా ఖాతూన్ కేసులో మన సుప్రీంకోర్టు గిడియన్ తీర్పును ఉదాహరించి, బీద ముద్దాయికి న్యాయవాది సహాయము న్యాయమైన విధానములో అంతర్భాగమని చెప్పెను. 1987 నాటి న్యాయసేవాధికార చట్టము ప్రకారము స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, నిర్బంధములో నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఈ సహాయము లభించును. మన జిల్లాలలోను, మండలములలోను ఇందుకై సంస్థలు ఉన్నవి.

అయితే గిడియన్‌కు చదువు వచ్చును, తన హక్కు తనకు కలదను నమ్మకమును ఉండెను. అక్షరము రాక, హక్కు తెలియక, అడుగుటకు జంకి ఊరకుండువారు మన చుట్టును ఎందరో కలరు. వారి ఇంట ఎవరినైనను పోలీసులు పట్టుకొనిపోయినపుడు, వకీలుకు డబ్బు లేదని దిగులుపడనక్కరలేదనియు, అడిగినచో ఇచ్చు ఏర్పాటు కలదనియు వారికి చెప్పవలసినవారము ఇది విన్న మనమే.