స్టార్టరు పెట్టెలో లగ్గు బిగింపు: క్రింపింగ్ పనిముట్టు వాడకం, సంరక్షణ

బోరు మోటారు కాలిపోయినప్పుడు నింద సాధారణంగా కరెంటు మీదికో, వైండింగు మీదికో పోతుంది. స్టార్టరు పెట్టె తెరిచి చూస్తే ఒక్కొక్కసారి అసలు కారణం అక్కడే కనిపిస్తుంది: ఒక తీగ చివర నల్లబడి, పైతొడుగు కరిగి ఉంటుంది. తీగ చివర అమర్చే లోహపు ముక్కను లగ్గు అనీ, థింబుల్ అనీ అంటారు. దానిని తీగపై నొక్కి బిగించే చేతి పనిముట్టే క్రింపింగ్ టూల్.

లగ్గు గొట్టంలోనికి రాగి పోగులను చొప్పించి తగిన దవడల మధ్య నొక్కినప్పుడు, పోగులూ గొట్టమూ రూపు మారి ఒకదానికొకటి హత్తుకొని గాలి చొరరాని ముద్ద అవుతాయి. బిగింపు చాలనిచో సందుల్లో గాలి, తేమ చేరి కరెంటుకు నిరోధం పెరుగుతుంది. నిరోధం వలన వేడి, వేడి వలన మరింత వదులు. చివరకు ఆ ఫేజు తెగిపోతుంది. ఏడెనిమిది ఆంపియర్లు తీసుకొనే 5 అశ్వశక్తి మోటారు, అదే బరువును రెండు ఫేజుల మీద లాగవలసి వచ్చినప్పుడు సుమారు 1.73 రెట్లు, అనగా 13 ఆంపియర్ల దాకా తీసుకొంటుంది. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే సరిగా అమర్చి లేకపోతే వైండింగు మిగలదు. యానాం, గంజాం వంటి తీరప్రాంతాల ఉప్పుగాలిలో వదులు బిగింపులు మరింత త్వరగా చెడిపోతాయి.

కావున తీగ, లగ్గు, దవడ మూడూ ఒకే కొలతకు చెందినవై ఉండాలి. చీటీ మీద ఏ రాష్ట్రపు భాష ఉన్నా కొలత మాత్రం చదరపు మిల్లీమీటర్లలోనే ఉంటుంది. ప్లాస్టిక్ తొడుగు గల లగ్గుల్లో ఎరుపు రంగువి 0.5 నుండి 1.5 వరకు, నీలం 1.5 నుండి 2.5 వరకు, పసుపు 4 నుండి 6 వరకు పనికివస్తాయి. పెద్దవారు నేటికీ 3/22, 7/20 అని పాత లెక్క చెబుతుంటారు. 7/20 అనగా 20వ గేజి పోగులు ఏడు. వైశాల్యం సుమారు 4.6 చదరపు మిల్లీమీటర్లు కనుక దానికి పసుపు లగ్గు కావాలి. 3/22 సుమారు 1.2 మాత్రమే, దానికి ఎరుపు చాలును. లగ్గు చిన్నదైనదని నాలుగు పోగులు కత్తిరించడం, పెద్దదైనదని తీగను మడిచి దూర్చడం రెండూ తప్పే. 10 చదరపు మిల్లీమీటర్లు, అంతకు మించిన తీగలకు ఈ చిన్న పనిముట్టు చాలదు. పొడవు పిడుల టూల్ గాని, హైడ్రాలిక్ టూల్ గాని ఉన్న పనివానిని పిలవవలెను.

పనికి ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు ఊడదీసి, వాటిని జేబులో ఉంచుకోవడం మేలు. ఆటో స్టార్టరు ఉన్న చోట ఇది మరీ ముఖ్యం. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది. మూడు ఫేజులనూ టెస్టరుతో విడివిడిగా పరీక్షించాలి. ఆ టెస్టరు వెలుగుతున్నదో లేదో ముందుగా కరెంటు ఉన్న చోట చూసుకోవాలి. సింగిల్ ఫేజు పెట్టెలోని కెపాసిటరు కరెంటు ఆపిన తరువాత కూడా షాకు కొట్టగలదు. టూల్ పిడికి రబ్బరు తొడుగు ఉన్నంత మాత్రాన అది రక్షణ కాదు.

తీగ తొడుగును పళ్ళతో వలిచే అలవాటు ఊళ్ళలో ఇంకా పోలేదు. పళ్ళ సంగతి అటుంచి, పోగులు తెగుతాయి. స్ట్రిప్పరుతో గొట్టం పొడవుకంటే ఒక మిల్లీమీటరు ఎక్కువ వలిచి, పోగులను చొప్పించి, పనిముట్టు దానంతట అది విడిచేవరకు నొక్కాలి. రాచెట్ గల టూల్ పూర్తిగా నొక్కనిదే తెరుచుకోదు. అందులోని మేలు అదే. కటింగ్ ప్లేయరుతోనో సుత్తితోనో అణచిన లగ్గు పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల మాత్రం పోగులు వదులుగానే ఉంటాయి. నొక్కిన తరువాత తీగను గట్టిగా లాగి చూడాలి. ముందుగా సీసం పూయకూడదు. సీసం ఒత్తిడికి మెల్లగా జారి బిగింపు సడలుతుంది. స్తంభం నుండి వచ్చే అల్యూమినియం తీగకు రాగి లగ్గు వేస్తే తేమలో అల్యూమినియం తినివేయబడుతుంది. దానికి అల్యూమినియం లగ్గు, రాగి టెర్మినలుకు చేరే చోట రెండు లోహాల లగ్గు వాడాలి.

పనిముట్టును వాడిన పిమ్మట దవడల్లో చిక్కిన రాగి పొడిని పాత పళ్ళకుంచెతో దులిపి, కీళ్ళకు మాత్రం కుట్టుమిషను నూనె ఒక చుక్క వేయాలి. దవడలకు నూనె అంటరాదు. పొలంలోని పెట్టెలో వదలక, మూసి, గుడ్డలో చుట్టి ఇంట ఉంచడం మంచిది. మేకులు కోయడానికి వాడితే దవడ అంచు పోతుంది. ఏడాదికొకసారి కొత్త లగ్గును, సరైన తీగను నొక్కి లాగి చూడాలి. తీగ జారివస్తే రాచెట్ పక్కనున్న సర్దుబాటు చక్రాన్ని ఒక పన్ను బిగించి మరల చూడాలి. అప్పటికీ జారితే దవడలు అరిగినట్లే. విడి దవడలు దొరికే రకమైతే వాటిని, లేనిచో టూల్‌నే మార్చవలెను.