బ్రిటిష్ రాక్ బ్యాండ్లు: పుట్టిన ఊరా, పాస్‌పోర్టా, పాట పుట్టిన చోటా?

నలుగురు తెలుగువాళ్ళు కలిసినచోట క్రికెట్టు, సినిమాలు, ఇళ్ళ ధరలు అయిపోయాక మాట సంగీతం మీదికి మళ్ళుతుంది. ఇళయరాజానా, రెహమానా అన్న వాదన ఎలాగూ ఒక పట్టాన తేలదు. ఆ గుంపులో ఇక్కడ బ్రిటన్‌లో పెరిగిన పిల్లలు కూడా ఉంటే అది కాస్తా రాక్ బ్యాండ్ల మీదికి పోతుంది. బీటిల్సా, రోలింగ్ స్టోన్సా, లెడ్ జెపెలినా, క్వీనా? మధ్యలో ఎవరో ఒకరు యూటూ పేరు చెబుతారు. "అది బ్రిటిష్ బ్యాండు కాదండీ, ఐరిష్" అని ఇంకొకరు అందుకుంటారు. ఇక ఏది గొప్ప అన్న ప్రశ్న పక్కకి పోయి, అసలు బ్రిటిష్ అంటే ఎవరు అన్న ప్రశ్న ముందుకొస్తుంది. వీసా, ఐ.ఎల్.ఆర్., ఓ.సీ.ఐ. అనే మాటల మధ్య బతికే మనకి ఇది ఉత్త కాలక్షేపం కబురు కాదు.

ముందు ఆ యూటూ సంగతే చూద్దాం. ఈ బ్యాండు 1976లో డబ్లిన్‌లో మొదలైంది. ఐరిష్ స్వతంత్ర రాజ్యం 1922లోనే వేరుపడింది కాబట్టి లెక్క ప్రకారం ఇది ఐరిష్ బ్యాండే. కానీ నలుగురిలో ఇద్దరు, గిటారిస్టు ఎడ్జ్, బేస్ వాయించే ఆడమ్ క్లేటన్, ఇంగ్లండులో పుట్టినవాళ్ళు. ఎడ్జ్ తల్లిదండ్రులైతే వేల్స్ వాళ్ళు. గాయకుడు బోనో డబ్లిన్ వాడు. ఆయనకి 2007లో బ్రిటిష్ నైట్‌హుడ్ ఇచ్చారు గానీ, బ్రిటిష్ పౌరుడు కాదు కాబట్టి అది గౌరవార్థం ఇచ్చినదే. పేరు ముందు 'సర్' పెట్టుకోవడానికి లేదు. లైవ్ ఎయిడ్ నడిపిన బాబ్ గెల్డాఫ్‌కి 1986లో ఇచ్చిందీ అలాంటిదే.

తమాషా ఏమిటంటే బహుమతులిచ్చేవాళ్ళే ఒక మాట మీద లేరు. బ్రిట్ అవార్డుల్లో యూటూని 'అంతర్జాతీయ' బృందంగా, అంటే బయటివాళ్ళుగా లెక్కేసి బహుమతులిచ్చారు. 1992లో మెర్క్యురీ ప్రైజు మొదలైనప్పుడు మాత్రం తొలి జాబితాలోనే యూటూ ఆల్బమ్ 'అక్టంగ్ బేబీ' ఉంది. ఆ ప్రైజుకి బ్రిటన్, ఐర్లండ్ రెండూ ఒకే లెక్క. (ఈ మెర్క్యురీకీ ఫ్రెడ్డీ మెర్క్యురీకీ ఏ సంబంధమూ లేదు. అప్పట్లో డబ్బు పెట్టిన మెర్క్యురీ కమ్యూనికేషన్స్ అనే టెలిఫోన్ కంపెనీ పేరది.)

ఇంతోటి దానికి ఐరిష్‌వాళ్ళకి అంత కోపం దేనికని అనిపిస్తే, ఒకప్పుడు ఢిల్లీలోనో బొంబాయిలోనో ఉద్యోగం చేసిన మన పెద్దవాళ్ళని అడగండి. విజయవాడ అయినా వరంగల్ అయినా అందర్నీ కట్టగట్టి 'మద్రాసీ' అనేసేవారు. ఒళ్ళు మండేది. ఐరిష్‌వాళ్ళ వెనక వందల ఏళ్ళ పరాయి పాలన, 1840ల నాటి కరువు, యుద్ధం ఉన్నాయి కాబట్టి వాళ్ళ మంట ఇంకా పెద్దది. ఉత్తర ఐర్లండ్ వాళ్ళ సంగతి మళ్ళీ వేరు. 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం ప్రకారం అక్కడి జనం తమని బ్రిటిష్ అనుకోవచ్చు, ఐరిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు. అందుకని బెల్‌ఫాస్ట్ వాడైన వాన్ మారిసన్ ఏ జాబితాలో ఉన్నా తగాదా పెట్టుకోనక్కరలేదు. స్కాట్లండ్, వేల్స్ వాళ్ళతో చిక్కు 'ఇంగ్లీష్' అన్న మాట దగ్గర వస్తుంది. గ్లాస్గో బ్యాండు సింపుల్ మైండ్స్‌నీ, వేల్స్ బ్యాండు మానిక్ స్ట్రీట్ ప్రీచర్స్‌నీ బ్రిటిష్ అంటే చెల్లుతుంది, ఇంగ్లీష్ అంటే చెల్లదు.

యూటూకి తిరగేసిన కథ పోగ్స్ బ్యాండుది. 1982లో లండన్‌లో పుట్టిన బ్యాండు. ముందుండి పాడిన షేన్ మగవాన్ (2023లో చనిపోయాడు) పుట్టింది ఇంగ్లండులోని కెంట్‌లో, తల్లిదండ్రులు ఐరిష్‌వాళ్ళు. అతన్ని ఇంగ్లీషువాడని ఎవరూ అనరు. అదే మాంచెస్టర్‌కి వెళితే, స్మిత్స్ బ్యాండులో మోరిసీ, జానీ మార్ ఇద్దరి తల్లిదండ్రులూ ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్ళే. ఒయాసిస్ నడిపిన గాలహర్ సోదరుల తల్లిదండ్రులూ అంతే. నోయెల్ గాలహర్ గిటారు మీద మాత్రం బ్రిటిష్ జెండా ఉండేది. వీళ్ళంతా ఇంగ్లండులో పుట్టిన ఐరిష్ పిల్లలే. ఒకడు ఐరిష్‌గా, మిగిలినవాళ్ళు ఇంగ్లీష్‌గా పేరు పడ్డారంటే అది పుట్టుక వల్ల కాదు, వాళ్ళు కట్టిన పాటల వల్ల.

పుట్టిన ఊరే కొలబద్ద అయితే ఇంకా చాలా తలకిందులవుతాయి. ఏసీ డీసీ పెట్టిన యంగ్ సోదరులు గ్లాస్గోలో పుట్టినవాళ్ళు. కుటుంబం 1963లో ఆస్ట్రేలియా వెళ్ళింది, బ్యాండు 1973లో సిడ్నీలో మొదలైంది. దాన్ని బ్రిటిష్ బ్యాండు అంటే ఆస్ట్రేలియావాళ్ళు ఊరుకోరు. ఇక జిమీ హెండ్రిక్స్ సియాటిల్ వాడు. 1966లో లండన్ వచ్చాక ఇద్దరు ఇంగ్లీషువాళ్ళతో కలిసి బ్యాండు కట్టాడు, పేరు తెచ్చుకున్నది కూడా ఇక్కడే. ఆయన ఉన్న ఇల్లు బ్రూక్ స్ట్రీట్‌లో ఇప్పుడు మ్యూజియం. గోడకి అవతల పక్కింట్లో అంతకు రెండొందల ఏళ్ళ ముందు ఉన్నాయన జర్మనీలో పుట్టిన సంగీతకారుడు హాండెల్. ఆయన 1727లో పార్లమెంటు చట్టం ద్వారా బ్రిటిష్ పౌరుడయ్యాడు. హెండ్రిక్స్ చివరిదాకా అమెరికన్‌గానే ఉన్నాడు. లండన్ వెళ్ళినప్పుడు ఆ రెండిళ్ళూ తప్పక చూడండి.

మన దేశంలో పుట్టినవాళ్ళ జాబితా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. బ్రిటన్‌లో తయారైన మొదటి అసలు సిసలు రాక్ అండ్ రోల్ రికార్డు అని చాలామంది చెప్పే 'మూవ్ ఇట్' (1958) పాడిన క్లిఫ్ రిచర్డ్ 1940లో లక్నోలో పుట్టాడు. అసలు పేరు హ్యారీ వెబ్. కుటుంబం 1948లో ఇంగ్లండు చేరింది. రింగో స్టార్ రాకముందు బీటిల్స్‌లో డ్రమ్స్ వాయించిన పీట్ బెస్ట్ 1941 నవంబరులో మద్రాసులో పుట్టాడు. అప్పటికి మద్రాసు కోస్తా, రాయలసీమ వాళ్ళకి కూడా రాజధాని, కాబట్టి మనవాళ్ళు కొంచెం గర్వపడితే తప్పులేదు. అతని తల్లి మోనా పుట్టింది ఢిల్లీలో. 1959లో ఆవిడ లివర్‌పూల్‌లో తన ఇంటి కింది గదుల్లో కాస్బా అనే కాఫీ క్లబ్బు తెరిచింది. తర్వాత బీటిల్స్‌గా మారిన కుర్రాళ్ళు అందులోనే పాడేవారు. 1962 ఆగస్టులో పీట్‌ని బ్యాండులోంచి తీసేశారు, పాపం. కొద్ది వారాల్లోనే మొదటి రికార్డు వచ్చింది.

అందరికంటే పెద్ద పేరు ఫ్రెడ్డీ మెర్క్యురీది. ఫరూఖ్ బల్సారాగా 1946లో జాంజిబార్‌లో పుట్టాడు. పార్సీ కుటుంబం. మన ఇంటిపేర్లు ఊళ్ళ పేర్ల నుంచి వచ్చినట్టే బల్సారా అన్నది గుజరాత్‌లోని బల్సార్, ఇప్పటి వల్సాడ్, నుంచి వచ్చింది. ఎనిమిదేళ్ళ వయసులో పంచగని బోర్డింగు స్కూలుకి పంపారు. హెక్టిక్స్ అనే మొదటి బ్యాండు అక్కడిదే. 1964లో జాంజిబార్‌లో విప్లవం వచ్చాక కుటుంబం హీత్రో పక్కన ఫెల్తమ్‌కి వచ్చి స్థిరపడింది. కొన్నాళ్ళు ఆ విమానాశ్రయంలోనే సామాన్లు మోశాడు కూడా. హౌన్‌స్లో వైపు ఉండేవాళ్ళు గ్లాడ్‌స్టోన్ ఎవెన్యూలో ఆ ఇంటి గోడకి 2016లో పెట్టిన నీలం ఫలకం చూడొచ్చు. ఆఫ్రికాలో పుట్టాడు, మహారాష్ట్రలో చదివాడు, 1991లో చనిపోతే అంత్యక్రియలు జొరాస్ట్రియన్ పద్ధతిలో జరిగాయి. అయినా క్వీన్ బ్రిటిష్ బ్యాండు కాదని ఎవరైనా అంటారా? 1985లో వెంబ్లీ స్టేడియంలో ఆయన పాడుతుంటే చూసినవాళ్ళకి ఆ ప్రశ్నే రాదు.

ఈ ముగ్గురూ ఏ సంవత్సరాల్లో వచ్చారో గమనించండి. 1948 చట్టం బ్రిటన్‌కీ వలసలకీ కలిపి ఒకే పౌరసత్వం పెట్టింది, కామన్‌వెల్త్ దేశాలవాళ్ళు వచ్చి ఉండడానికి అడ్డు లేదు. 1962లో మొదటిసారి ఆంక్షలు పెట్టారు. 1968లో తూర్పు ఆఫ్రికా భారతీయులని దృష్టిలో పెట్టుకుని ఇంకా బిగించారు. తల్లిదండ్రులో, తాతలో బ్రిటన్‌లో పుట్టి ఉండాలన్న మెలిక అప్పటిదే. బల్సారా కుటుంబం నాలుగేళ్ళు ఆలస్యం చేసి ఉంటే సంగతి వేరుగా ఉండేది. 1983 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం తర్వాత ఇక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులో, ఇక్కడ స్థిరనివాసం పొందినవారో అయి ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు కోసం తిరిగినవాళ్ళకి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

ఇంతవరకూ ఇది వాదనే. దీనివల్ల నిజంగా నష్టం జరిగిన కేసు ఒకటుంది. రీనా సవాయమా జపాన్‌లో పుట్టి చిన్నప్పుడే ఇక్కడికి వచ్చింది. 2020లో ఆమె మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు విమర్శకులు ఆకాశానికెత్తారు. కానీ మెర్క్యురీ ప్రైజుకీ, బ్రిట్ అవార్డులకీ అర్హురాలు కాదన్నారు. పాతికేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా ఆమె దగ్గర ఉన్నది మనలో చాలామంది దగ్గరున్న ఐ.ఎల్.ఆర్. మాత్రమే. బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకోవచ్చుగా అంటారేమో, జపాన్ రెండు పౌరసత్వాలకి ఒప్పుకోదు. ఇండియా కూడా ఒప్పుకోదు. మన 1955 పౌరసత్వ చట్టం ప్రకారం ఇంకో దేశపు పౌరసత్వం తీసుకున్నరోజునే భారత పౌరసత్వం పోతుంది. ఓ.సీ.ఐ. కార్డు వీసా బాధ తప్పిస్తుంది గానీ అది పౌరసత్వం కాదు.

దీని పక్కన 2005 సంగతి పెట్టి చూడండి. ఆ ఏడు మెర్క్యురీ ప్రైజు గెలిచింది న్యూయార్క్‌కి చెందిన ఆంటొనీ అండ్ ద జాన్సన్స్. గాయని (ఇప్పటి పేరు అనోనీ) ఇంగ్లండులోని చిచెస్టర్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా వెళ్ళిపోయింది. అప్పుడూ గొడవైంది కానీ బహుమతి ఆగలేదు. పుట్టినిల్లు ఇక్కడైతే చాలు, మెట్టినిల్లు ఇక్కడైతే చాలదు అన్నట్టుంది ఆ లెక్క. నా మటుకు నాకు ఇది సబబుగా తోచదు. పాట ఎక్కడ నేర్చుకుని, ఎవరి మధ్య పాడి పెరిగారో అదే ఆ పాట ఊరు.

సవాయమా ఈ సంగతి బయటపెట్టాక పెద్ద చర్చే జరిగింది. రెండు బహుమతులనీ నడిపే బీపీఐ సంస్థ 2021 ఫిబ్రవరిలో నియమం మార్చింది. బ్రిటన్‌లో పుట్టినా సరే, బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నా సరే, అయిదేళ్ళకి పైగా ఇక్కడ శాశ్వత నివాసం ఉన్నా సరే, ఏ ఒక్కటైనా చాలు. అంటే హారోలోనో రెడింగ్‌లోనో గిటారు వాయించే మన కుర్రాడు భారత పాస్‌పోర్టు వదులుకోకుండానే పోటీకి దిగొచ్చు. ఇంకో విడ్డూరం ఏమిటంటే ఇక్కడ చట్టబద్ధంగా ఉండే భారత పౌరులకి, కామన్‌వెల్త్ వాళ్ళు కాబట్టి, పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఎప్పటినుంచో ఉంది. ఎంపీని ఎన్నుకోవడానికి అడ్డురాని పాస్‌పోర్టు 2021 దాకా పాటల బహుమతికి అడ్డొచ్చింది.

నియమం మారిన తర్వాతి నెలలోనే బ్రిట్స్ 'రైజింగ్ స్టార్' జాబితా వచ్చింది. అందులో ముగ్గురే. ఒకరు సవాయమా, ఇంకొకరు గాంబియా నుంచి వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ పా సాలియు, మూడో అమ్మాయి గ్రిఫ్. గ్రిఫ్ తల్లి వియత్నాం నుంచి వచ్చిన చైనీస్ కుటుంబం ఆడపడుచు, తండ్రిది జమైకా మూలం. బహుమతి గ్రిఫ్‌కి వచ్చింది.