తివాచీ అడుగున ఉన్న చరిత్ర

తివాచీని చూసినవారు పైనున్న పూలనూ రంగులనూ మెచ్చుకుంటారు. తిరగేసి అడుగు చూసేవారు తక్కువ. కానీ దాని ఆయుష్షంతా ఆ అడుగులోనే ఉన్నది. ఈ మాట మన ప్రాంతపు చరిత్రే చెబుతుంది.

మన ఖమ్మం 1953 అక్టోబరు 1న విడి జిల్లా అయ్యేదాకా వరంగల్ జిల్లాలోనిదే. గోదావరి అవతలి భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. అంటే ఒకవైపు వరంగల్ తివాచీలకు, మరోవైపు ఏలూరు, మచిలీపట్నం తివాచీలకు మనం ఇరుగుపొరుగు వాళ్లమే. ఈ పనిని తరతరాలుగా నిలిపినవారిలో మన ముస్లిం నేతగాళ్లు ముఖ్యులు. వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ మహా ప్రదర్శనకు వెళ్లాయి.

మరి మచిలీపట్నంలో ఏమైంది? జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఆంగ్లేయుడు భారతదేశపు చేతిపనుల మీద 1880లో వెలువరించిన గ్రంథంలో ఆ సంగతి రాశాడు. ఇంగ్లీషు వర్తకులు చవక కోసం నేతగాళ్లకు తామే నాసి సరుకు ఇచ్చారు. తివాచీ అడుగుకు ఇంగ్లండు పురికొస వచ్చి చేరింది. ఆ ఒక్క కట్టు తప్పేసరికి మిగతావీ ఒకదాని వెంట ఒకటి చెడిపోయాయి. సరుకు ఎంచుకునే హక్కు నేతగాడి చేయి జారిపోవడమే అసలు నష్టం.

సముద్రాల అవతల కూడా ఇలాంటి పాఠమే ఉన్నది. 19వ శతాబ్దంలో ఉత్తర అమెరికాలోని పేద ఇళ్ల ఆడవాళ్లు పాత గోనెసంచులు విప్పి, వాటిలోంచి గుడ్డ పీలికలను కొక్కెంతో పైకి లాగి తివాచీలు చేసుకునేవారు. ఆ గోనెకు మూలమైన జనపనార చాలావరకు మన బెంగాల్‌లో పండినదే! ఇప్పుడు అలాంటి పాత తివాచీలు ఎన్నింటిలోనో పైన పీలికలు బాగానే ఉన్నా, అడుగు గోనె పెళుసెక్కి పొడిగా రాలిపోతున్నది.

ఈ కొక్కెం పని ఇంట్లో చేయదలచిన అక్కాచెల్లెళ్లకు మేము చెప్పేది ఇంతే. గోనెపట్టా చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ తడిస్తే జనపనార బలం తగ్గుతుంది, చెమ్మకు కుళ్లుతుంది. అడవి అంచున, వానాకాలంలో మన ఇళ్లు ఎట్లుంటయో మనకు తెలియంది కాదు. నూలు తడిస్తే బలం తగ్గదు సరికదా, పెరుగుతుంది. పత్తి మన చేలలోనే పండుతున్నది గదా! అవిసెనార గుడ్డ ఇంకా గట్టిది గానీ ఖర్చెక్కువ. ఏ గుడ్డయినా కొనేముందు వెలుతురుకు ఎత్తి చూడండి: సందులు సమంగా ఉండాలి. నాలుగు వైపులా లాగండి: పోగులు జరగకూడదు. లావు పీలికలకు వదులు నేత, సన్నవాటికి దగ్గరి నేత కావాలి. నాలుగు వేళ్ల అంచు వదిలి, మడిచి కుట్టండి.

నాడు మచిలీపట్నం నేతగాళ్లకు సరుకును వర్తకుడు ఎంచాడు. నేడు మన గుడ్డను మనమే ఎంచుకోవచ్చు. పది రూపాయలు మిగుల్తాయని అడుగును తగ్గిస్తే ఆ వర్తకుడి పనే మన చేతులతో మనం చేసినట్లవుతుంది.